20 వరుసలు అడిగితే 52 సెకన్లు, మొత్తం అడిగితే సెకను లోపే

పార్సిల్_బాబు
రెండు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను. మాది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖలున్న పార్సిల్ సంస్థ. పోస్ట్‌గ్రెస్ 14 డేటాబేస్ వాడుతున్నాము. ‘పార్సిళ్ళు’ అనే టేబుల్‌లో 2017 నుంచి ఇప్పటి దాకా దాదాపు 3 కోట్ల వరుసలున్నాయి. పాత క్లెయిములు చూసే గుమస్తాల కోసం ఒక స్క్రీన్ ఉంది. అందులో జిల్లా, మండలం ఎంచుకుంటే ఆ మండలానికి వెళ్ళిన పార్సిళ్ళు బుకింగ్ తేదీ ప్రకారం, కొత్తవి ముందు వచ్చేలా కనిపిస్తాయి. క్వెరీలో పెద్ద మాయ ఏమీ లేదు: జిల్లా కోడ్ ఇంత, మండలం కోడ్ ఇంత, ఆర్డర్ బై బుకింగ్ తేదీ డిసెండింగ్, లిమిట్ 20 (అంటే మొదటి ఇరవై వరుసలే). జిల్లా మీద, మండలం మీద, బుకింగ్ తేదీ మీద విడివిడిగా మూడు ఇండెక్స్‌లు (పుస్తకం చివరి సూచిక లాంటివి) ఉన్నాయి. గుంటూరు, వరంగల్, రాజమండ్రి ఏది ఇచ్చినా 4, 5 మిల్లీసెకన్లలో జవాబు వస్తోంది. కర్నూలు జిల్లా, ఆళ్ళగడ్డ మండలం ఇస్తే మాత్రం 52 సెకన్లు పడుతోంది. గుమస్తా ఆగలేక మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నాడు, దాంతో సర్వర్ మొత్తం మూలుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

కొత్తచేతి
సర్వర్ ర్యామ్ ఎంత ఉంది? మా ఆఫీసులో ఇలాంటిదే వస్తే 16 జీబీ నుంచి 64 జీబీకి పెంచారు, సమస్య పోయింది.

రాత్రి_డ్యూటీ
పోలేదు, కొత్తచేతి గారూ, మూడు నెలలు వాయిదా పడి ఉంటుంది. టేబుల్ మొత్తం ర్యామ్‌లో ఇమిడినంత కాలం చెడ్డ ప్లాన్ (డేటాబేస్ జవాబు వెతకడానికి ఎంచుకున్న దారి) కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది, టేబుల్ పెరిగాక మళ్ళీ అదే కథ మొదలవుతుంది. బాబు గారూ, ఆ దారిని చూపించే ‘ఎక్స్‌ప్లెయిన్’ ఒక్కటే కాకుండా ‘ఎనలైజ్’, ‘బఫర్స్’ కలిపి నడిపించి, వచ్చిన ప్లాన్‌లో ముఖ్యమైన వరుసలు ఇక్కడ పెట్టండి. అది చూడకుండా చెప్పే సలహా ఏదైనా చిలక జోస్యమే అవుతుంది.

పార్సిల్_బాబు
ప్లాన్ ఇది. పైన లిమిట్, దాని కింద బుకింగ్ తేదీ ఇండెక్స్ మీద ‘ఇండెక్స్ స్కాన్ బ్యాక్‌వర్డ్’. ప్లానర్ (దారి ఎంచుకునే భాగం) అంచనా వేసిన వరుసలు 4,800. ‘రోస్ రిమూవ్డ్ బై ఫిల్టర్’ (చదివి, సరిపడక వదిలేసిన వరుసలు) దగ్గర 2,10,38,411 అని ఉంది. డిస్క్ నుంచి చదివిన పేజీలు దాదాపు 8,60,000. మొత్తం సమయం 52,300 మిల్లీసెకన్లు. మండలం ఇండెక్స్ ఉండగా దాని జోలికే పోకుండా తేదీ ఇండెక్స్ ఎందుకు పట్టుకుందో నాకు అర్థం కావడం లేదు.

రాత్రి_డ్యూటీ
పేజీ 8 కేబీ కాబట్టి 8,60,000 పేజీలంటే ఆరున్నర జీబీ. ఇరవై వరుసల కోసం ఆరున్నర జీబీ చదివిందన్న మాట. జాడ దొరికింది.

ఒరాకిల్_పంతులు
మా ఒరాకిల్‌లో అయితే ఒక్క హింట్ రాసి ‘నాయనా, ఈ ఇండెక్స్ వాడు’ అని చెప్పి ఇంటికి వెళ్ళేవాడిని. మీ పోస్ట్‌గ్రెస్ వాళ్ళు ప్లానర్‌ను ఇంటి పెద్దల్లాగా చూస్తారు, ఎదురు చెప్పకూడదంటారు.

నల్లమల
పంతులు గారూ, హింట్లు కావాలంటే పీజీ హింట్ ప్లాన్ అనే ఎక్స్‌టెన్షన్ ఉంది, అయితే ఇక్కడ దాని అవసరం పడకపోవచ్చు. బాబు గారిని రెండు ప్రశ్నలు అడుగుతాను. లిమిట్ తీసేసి అదే క్వెరీ నడిపిస్తే ఎంత సమయం పడుతోంది? ఈ స్క్రీన్ ఎప్పటి నుంచి ఇలా ఉంది, దానికి ముందు ఏమి మార్చారు?

పార్సిల్_బాబు
ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. లిమిట్ తీసేస్తే మండలం ఇండెక్స్ వాడుకుని మొత్తం 41,208 వరుసలనూ 900 మిల్లీసెకన్లలో ఇస్తోంది. పది రోజుల క్రితం వరకు స్క్రీన్ అలాగే ఉండేది. అన్ని వరుసలూ బ్రౌజర్‌కు వచ్చి పడుతున్నాయని, వేగం పెరుగుతుందని నేనే పేజీకి ఇరవై చొప్పున లిమిట్ పెట్టాను.

కొత్తచేతి
మొత్తం అడిగితే సెకను లోపు, ఇరవై అడిగితే దాదాపు నిమిషమా? దుకాణానికి వెళ్ళి బస్తా బియ్యం అడిగితే వెంటనే ఇచ్చి, సోలెడు అడిగితే గిడ్డంగి అంతా వెతికినట్టుంది.

నల్లమల
ఆ పోలిక బాగానే ఉంది, కానీ వెతకడానికి ఒక కారణముంది. ఒక్కొక్క అడుగుగా లెక్క వేసి చూద్దాము.

ప్లానర్ ముందు రెండు దారులున్నాయి. మొదటిది, మండలం ఇండెక్స్ ద్వారా ఆళ్ళగడ్డ వరుసలన్నీ ఏరి, జిల్లా సరిపోయినవి ఉంచి, తేదీ ప్రకారం పేర్చి, పైనున్న ఇరవై ఇవ్వడం. ఇందులో ఎన్ని అడిగినా పని ఇంచుమించు అంతే, ఎందుకంటే అన్నీ తెచ్చాక గాని పేర్చడం కుదరదు. రెండవది, తేదీ ఇండెక్స్‌ను ఇవాళ్టి నుంచి వెనక్కు నడుస్తూ, ఎదురైన ప్రతి వరుసనూ ‘నువ్వు కర్నూలు ఆళ్ళగడ్డ వాడివా’ అని అడిగి, ఇరవై దొరకగానే ఆగిపోవడం. ఇందులో పేర్చే పని లేదు, త్వరగా దొరికితే అంతకు మించిన దారి ఉండదు.

త్వరగా దొరుకుతాయా అన్నదే ప్రశ్న. ప్లానర్ అంచనా 4,800 వరుసలు. 3 కోట్లలో 4,800 ఉంటే, అవి టేబుల్ అంతటా సమానంగా చల్లినట్టు ఉన్నాయనుకుంటే, ఇరవై దొరకడానికి 3 కోట్లలో 240వ వంతు, అంటే లక్షా పాతిక వేల వరుసలు నడిస్తే చాలు. తేదీ క్రమం, డిస్క్ మీద వరుసలు పడిన క్రమం ఇంచుమించు ఒకటే కాబట్టి ఆ నడక చవక కూడా. అందుకే అటు మొగ్గింది. మీకు నిజంగా నడవవలసి వచ్చింది 2 కోట్ల 10 లక్షలు. అంటే ఆ వరుసలు సమానంగా చల్లి లేవు, ఎక్కడో వెనక ఒకే చోట కుప్పగా ఉన్నాయి. ఆళ్ళగడ్డ అంటే నాకు ఒక అనుమానం వస్తోంది. కర్నూలు కోడ్‌తో ఆళ్ళగడ్డకు చివరి పార్సిల్ ఏ తేదీన బుక్ అయిందో చూసి చెప్పండి.

పార్సిల్_బాబు
2022 ఏప్రిల్ 3.

నల్లమల
మరునాడే, ఏప్రిల్ 4న, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఆళ్ళగడ్డ కర్నూలు నుంచి కొత్త నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది.

పార్సిల్_బాబు
అయ్యో. అవును. ఆ రోజు నుంచి బుక్ అయిన పార్సిళ్ళకు కొత్త జిల్లా కోడ్ పడేలా మార్చాము, పాత వరుసలను మాత్రం బిల్లుల మీద ఉన్నట్టే ఉంచాలని అకౌంట్స్ వాళ్ళు పట్టుబట్టారు. నంద్యాల, ఆళ్ళగడ్డ ఇచ్చి చూశాను, 5 మిల్లీసెకన్లు. కర్నూలు, ఆళ్ళగడ్డ ఇస్తే 52 సెకన్లు. 2022 ఏప్రిల్ 4 తర్వాతి పార్సిళ్ళు లెక్కపెడితే 2 కోట్ల 10 లక్షల పైచిలుకు ఉన్నాయి, ఫిల్టర్ తీసేసిన వరుసల లెక్కతో ఇంచుమించు సరిపోయింది.

రాత్రి_డ్యూటీ
ఇన్నేళ్ళుగా నేను చూసిన చెడ్డ ప్లాన్లలో గెజిట్ నోటిఫికేషన్ వల్ల వచ్చినది ఇదే మొదటిది.

పాలమూరు_పిల్లగాడు
మాకు ఆ నోటిఫికేషన్లు రెండుసార్లు వచ్చాయి. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట, ములుగు కలిసి 33 అయ్యాయి. నేను ఒక విత్తనాల కంపెనీలో పని చేసినప్పుడు మహబూబ్‌నగర్ కోడ్‌తో నారాయణపేట మండలం వెతికితే సరిగ్గా ఇలాగే వేలాడేది. కారణం తెలియక ప్రతి ఆదివారం రాత్రి టేబుల్‌కు రీఇండెక్స్ (ఇండెక్స్‌లను మళ్ళీ కట్టడం) పెట్టుకున్నాము. సోమవారం ఉదయం కాష్ వేడిగా, అంటే డేటా అప్పటికే మెమరీలో, ఉండేది కాబట్టి బాగైందని కూడా నమ్మాము.

డల్లాస్_నుంచి
బాబు గారి సమస్యకు మందు ‘క్రియేట్ స్టాటిస్టిక్స్’ అని నా అభిప్రాయము. ప్లానర్ జిల్లానూ మండలాన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేని కాలమ్‌లుగా చూస్తుంది. కర్నూలు కోడ్ ఉన్నవి 4 శాతం, ఆళ్ళగడ్డ ఉన్నవి 0.4 శాతం అనుకుంటే రెండూ గుణించి 0.016 శాతం అంటుంది, 3 కోట్లకు అది సరిగ్గా 4,800. అసలు సంఖ్య 41,208, దాదాపు తొమ్మిది రెట్లు తప్పు. పోస్ట్‌గ్రెస్ 10 నుంచి రెండు కాలమ్‌ల మధ్య సంబంధాన్ని ప్లానర్‌కు చెప్పే వీలుంది, 12 నుంచి ఏ జంట ఎంత తరచుగా వస్తుందో జాబితా (ఎంసీవీ) కూడా పెట్టుకుంటుంది. అది చేసి, గణాంకాలను కొత్తగా సేకరించే ‘ఎనలైజ్’ కమాండ్ నడిపిస్తే అంచనా దారిలో పడుతుంది.

నల్లమల
గుణకారం గురించి మీరు చెప్పినది అక్షరాలా నిజము. ఆ లోపం ఈ వృత్తితో పాటే పుట్టింది. 1979లో ఐబీఎం సిస్టమ్ ఆర్ ప్రాజెక్టులో పాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు ఖర్చు లెక్కగట్టి దారి ఎంచుకునే పద్ధతిని ప్రచురించిన నాటి నుంచి షరతులను విడివిడిగా భావించి గుణించడం అలవాటైపోయింది. కానీ ఇక్కడ అంచనా సరిచేస్తే జబ్బు నయమవుతుందన్న మాటతో నేను ఏకీభవించను. బాబు గారు ముందు చేసి చూస్తే, తర్వాత మాట్లాడుకుందాము.

పార్సిల్_బాబు
చేశాను. రెండు కాలమ్‌ల మీద ఎంసీవీ రకం పెట్టి, స్టాటిస్టిక్స్ టార్గెట్ 100 నుంచి 1,000కి పెంచి ఎనలైజ్ నడిపించాను. అంచనా 4,800 నుంచి 40,900కి వచ్చింది, వాస్తవానికి ఎంతో దగ్గర. క్వెరీ సమయం 52.1 సెకన్లు. ప్లాన్ ఇంచు కూడా కదలలేదు.

డల్లాస్_నుంచి
ఇది నేను ఊహించలేదు.

నల్లమల
లెక్క వేస్తే ఇలాగే రావాలి. 3 కోట్లలో 4,800 ఉంటే లక్షా పాతిక వేలు నడవాలని ప్లానర్ అనుకుంది. ఇప్పుడు 40,900 ఉన్నాయని తెలిసింది కాబట్టి 15 వేల లోపే నడిస్తే ఇరవై దొరుకుతాయని అనుకుంటోంది. అంటే సంఖ్య సరైన కొద్దీ తప్పు దారి మీద దాని నమ్మకం ఇంకా పెరిగింది. ఎన్ని ఉన్నాయో దానికి తెలుసు, ఎక్కడ ఉన్నాయో తెలియదు. ‘ఈ జంటకు సంబంధించిన వరుసలన్నీ ఫలానా తేదీకి ముందే ఉన్నాయి’ అని చెప్పే గణాంకం మీ దగ్గర లేదు.

ఆ గణాంకాన్ని ఉంచుకోండి, జిల్లా మండలం కలిపి జాయిన్ చేసే ఇతర రిపోర్టుల్లో అది పనికొస్తుంది. రకం ఎంపిక కూడా సరైనదే. డిపెండెన్సీస్ రకం పెట్టి ఉంటే ‘మండలం తెలిస్తే జిల్లా తెలిసినట్టే’ అనే సంబంధం మీద ఆధారపడేది. ఆ సంబంధం ఆళ్ళగడ్డకే లేదు, రెండు జిల్లాల కోడ్‌లు ఉన్నాయి. మండలాన్ని కోడ్‌తో కాక పేరుతో వెతికేవారికి ఇంకో చిక్కు, రామచంద్రాపురం అనే మండలం కోనసీమలోనూ తిరుపతి జిల్లాలోనూ సంగారెడ్డిలోనూ ఉంది.

మల్లి_డీబీ
నేను మైఎస్‌క్యూఎల్ మనిషిని కాబట్టి వేరే అనుమానం వచ్చింది: కోడ్ కాలమ్ రకం ఏమిటి? మా దగ్గర ఫోన్ నంబరు కాలమ్ వార్‌క్యార్ (అక్షరాలు దాచే రకం), క్వెరీలో కోట్ గుర్తులు లేకుండా అంకెగా ఇచ్చారు. మైఎస్‌క్యూఎల్ కాలమ్‌లోని ప్రతి విలువనూ అంకెగా మార్చి పోల్చింది, ఇండెక్స్ అటకెక్కింది. 40 లక్షల వరుసలకు 6 సెకన్లు. రెండు కోట్ గుర్తులు పెట్టగానే 1 మిల్లీసెకను. ఆ రెండు గుర్తుల కోసం మేము కొత్త సర్వర్‌కు కొటేషన్ దాకా వెళ్ళాము.

పార్సిల్_బాబు
రెండూ ఇంటీజర్లే, మల్లి గారూ, పారామీటర్లు కూడా ఇంటీజర్లే.

డల్లాస్_నుంచి
మల్లి గారి జబ్బే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తలకిందులుగా వస్తుంది. కాలమ్ వార్‌క్యార్ అయి ఉంటుంది, జావా డ్రైవర్ పారామీటర్‌ను యూనికోడ్ రకంగా పంపుతుంది, కాలమ్‌ను మార్చి పోల్చవలసి వస్తుంది. ప్లాన్‌లో ‘కన్వర్ట్ ఇంప్లిసిట్’ అన్న మాట కనబడితే అక్కడే ఆగి చూడాలి. పోస్ట్‌గ్రెస్ ఈ విషయంలో కొంత కఠినం, టెక్స్ట్ కాలమ్‌ను అంకెతో పోలిస్తే చాలాసార్లు ఎర్రర్ ఇచ్చేస్తుంది. ఆ కఠినత్వం నాకు ఇష్టము.

జావా_జమీందారు
పారామీటర్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. పై సమయాలన్నీ పీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్)లో అంకెలు నేరుగా రాసి కొలిచారా, అప్లికేషన్ నుంచి కొలిచారా? జావా నుంచి పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే జేడీబీసీ డ్రైవర్ ఒకే స్టేట్‌మెంట్‌ను ఐదోసారి నుంచి సర్వర్ వైపు ప్రిపేర్ చేస్తుంది. అక్కడ సర్వర్ మొదటి ఐదుసార్లు విలువలు చూసి ప్లాన్ వేస్తుంది, ఆ తర్వాత విలువలు చూడని సాధారణ ప్లాన్ ఖర్చు తక్కువగానే ఉందనిపిస్తే దానికి మారిపోతుంది. పొద్దున బాగా నడిచి పది గంటలకు చతికిలబడే స్క్రీన్‌లలో సగం ఇవే. 12వ వెర్షన్ నుంచి ‘ప్లాన్ కాష్ మోడ్’ అనే సెట్టింగ్ ఉంది, దానితో పట్టుకోవచ్చు.

పార్సిల్_బాబు
రెండు చోట్లా కొలిచాను, జమీందారు గారూ. రెండు చోట్లా 52 సెకన్లే.

రాత్రి_డ్యూటీ
రాండమ్ పేజ్ కాస్ట్ (అక్కడో పేజీ ఇక్కడో పేజీ చదవడానికి ప్లానర్ వేసే ఖర్చు) ఎంత ఉంది? మార్చకుండా వదిలేస్తే 4, అది తిరిగే డిస్కుల కాలం నాటి విలువ. ఎస్ఎస్‌డీల మీద 1.1 పెడితే ఇండెక్స్ దారులు చవకగా కనిపిస్తాయి.

పార్సిల్_బాబు
4 గానే ఉంది. సెషన్‌లో 1.1 పెట్టి చూశాను, ప్లాన్ మారలేదు. అదే ఊపులో షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ పేజీలు ఉంచుకునే మెమరీ) చూస్తే 128 ఎంబీ అని కనబడింది. సర్వర్‌లో ర్యామ్ 32 జీబీ. ఎవరూ ఇన్నేళ్ళుగా ముట్టుకోలేదు.

కొత్తచేతి
ర్యామ్ గురించి అడిగినప్పుడు నన్ను చిలక జోస్యంలో కలిపేశారు!

రాత్రి_డ్యూటీ
ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను, మీ చిలక సరైన చీటీయే తీసింది, కాకపోతే వేరే జబ్బుది. షేర్డ్ బఫర్స్‌ను ర్యామ్‌లో నాలుగో వంతు నుంచి మొదలుపెట్టండి, బాబు గారూ, దానికి రీస్టార్ట్ కావాలి. ఈ క్వెరీకి మాత్రం అది జవాబు కాదు.

నల్లమల
ఇక మందు సంగతి. ఈ పూట గుమస్తా బాధ తీరాలంటే ఆర్డర్ బైలో తేదీకి సున్నా రోజుల ఇంటర్వల్ కలపండి. విలువ మారదు, కానీ అది ఇప్పుడు ఒక ఎక్స్‌ప్రెషన్, దాని మీద ఇండెక్స్ లేదు, కాబట్టి వెనక్కు నడిచే దారి మూసుకుపోతుంది. ప్లానర్ మండలం ఇండెక్స్‌కు వస్తుంది, సెకను లోపు జవాబు వస్తుంది. ఇది తాత్కాలికం మాత్రమే. గుంటూరు లాంటి మండలాలు 5 మిల్లీసెకన్ల నుంచి వందల మిల్లీసెకన్లకు పోతాయి.

శాశ్వతంగా కావలసినది రెండు దారుల మంచీ కలిసిన ఇండెక్స్. మండలం, జిల్లా, బుకింగ్ తేదీ, ఐడీ, ఈ క్రమంలో ఒకే ఇండెక్స్ వేయండి. సమానం అని అడిగే కాలమ్‌లు ముందు ఉండాలి, వరుస పేర్చే కాలమ్‌లు తర్వాత ఉండాలి. అప్పుడు ఇండెక్స్‌లో ఆళ్ళగడ్డ కర్నూలు ఎంట్రీలన్నీ ఒకే చోట, తేదీ క్రమంలో ఇప్పటికే పేర్చి ఉంటాయి, చివర నుంచి ఇరవై తీసుకుని ఆగిపోవచ్చు. ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి అనే అంచనాలతోనే పని ఉండదు.

ఒరాకిల్_పంతులు
ఎక్కువ రకాల విలువలున్న కాలమ్ ముందు ఉండాలని నేను చదువుకున్నాను. మండలం ముందు పెట్టడానికి కారణం అదేనా?

నల్లమల
కాదు. రెండింటికీ సమానం అనే షరతే ఉన్నప్పుడు ఏది ముందున్నా ఈ క్వెరీకి తేడా లేదు. మండలం ఒక్కటే అడిగే క్వెరీలు కూడా వారి దగ్గర ఉండే అవకాశం ఉంది కాబట్టి ముందు పెట్టమన్నాను. అప్పుడు పాత మండలం ఇండెక్స్‌ను తీసేయవచ్చు. ఇండెక్స్‌లో తేదీకి డిసెండింగ్ అని రాయనవసరం లేదు, ఇండెక్స్ నిర్మాణమైన బీ ట్రీని రెండు వైపులా నడవవచ్చు. ఐడీ ఎందుకంటే, ఒకే క్షణంలో రెండు పార్సిళ్ళు బుక్ అయితే వాటి క్రమానికి హామీ లేదు, ఒకటో పేజీలో కనబడిన పార్సిల్ రెండో పేజీలో మళ్ళీ కనబడవచ్చు. ఆర్డర్ బైలో కూడా తేదీ తర్వాత ఐడీ చేర్చండి.

పార్సిల్_బాబు
స్టేటస్ కూడా ఇండెక్స్‌లో చేర్చమంటారా? వచ్చే నెల ‘డెలివరీ కానివి మాత్రమే’ అనే బటన్ అడుగుతున్నారు.

రాత్రి_డ్యూటీ
చేర్చవద్దు. ఒక పార్సిల్ స్టేటస్ ఎన్నిసార్లు మారుతుంది? బుకింగ్, లారీ ఎక్కింది, హబ్ చేరింది, శాఖ చేరింది, డెలివరీ, కనీసం ఐదుసార్లు. స్టేటస్ ఏ ఇండెక్స్‌లోనూ లేనంత కాలం, పేజీలో చోటు ఉంటే ఆ అప్‌డేట్‌లు హాట్ అప్‌డేట్‌లుగా చవకగా జరిగిపోతాయి, ఇండెక్స్‌లను ముట్టుకోవు. ఒక్క ఇండెక్స్‌లో స్టేటస్ చేరిందా, ప్రతి మార్పుకూ టేబుల్ మీద ఉన్న అన్ని ఇండెక్స్‌లలోనూ కొత్త ఎంట్రీ రాయవలసి వస్తుంది. పార్షియల్ ఇండెక్స్ (కొన్ని వరుసలకే వేసేది) షరతులో పెట్టినా అంతే.

మల్లి_డీబీ
ఇది నాకు కొత్త విషయము. ధన్యవాదాలు.

పార్సిల్_బాబు
నిన్న రాత్రి 11 గంటలకు ‘కన్‌కరెంట్లీ’ పెట్టి ఇండెక్స్ వేయడం మొదలుపెట్టాను. అర్ధరాత్రి రెండైనా అవలేదు. భయమేసి రద్దు చేశాను. ఇప్పుడు టేబుల్ వివరాలు చూస్తే ఆ ఇండెక్స్ పేరు పక్కన ‘ఇన్‌వాలిడ్’ అని ఉంది. ఏమైనా పాడు చేశానా?

నల్లమల
ఏమీ పాడు కాలేదు. కన్‌కరెంట్లీ వేసేది టేబుల్‌లో రాతలను ఆపదు, దానికి బదులుగా తనకంటే ముందు మొదలైన లావాదేవీలు పూర్తయ్యే దాకా ఆగుతుంది. మధ్యలో ఆపితే సగం ఇండెక్స్ మిగులుతుంది. అది చదవడానికి పనికిరాదు, రాసేటప్పుడు మాత్రం భారం మోస్తూనే ఉంటుంది. దాన్ని డ్రాప్ చేసి మళ్ళీ వేయండి. అంతకు ముందు పీజీ స్టాట్ యాక్టివిటీలో (ఇప్పుడున్న సెషన్ల జాబితా) ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ స్థితిలో, అంటే లావాదేవీ తెరిచి ఖాళీగా, ఎవరైనా ఉన్నారేమో చూడండి.

పార్సిల్_బాబు
ఉన్నారు. నిన్న మధ్యాహ్నం 3:40 నుంచి ఒక సెషన్ అలాగే ఉంది. ఐపీ అడ్రస్ పట్టుకుని వెళ్తే అది నా పక్క కుర్చీ. బిగిన్ కొట్టి, ఇదే టేబుల్ మీద ఒక అప్‌డేట్ నడిపించి, కమిట్ చేయకుండా ల్యాప్‌టాప్ తెరిచి ఉంచి ఇంటికి వెళ్ళాడు.

రాత్రి_డ్యూటీ
‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ సెషన్ టైమవుట్’ అనే సెట్టింగ్ 9.6 నుంచి ఉంది. పది నిమిషాలు పెట్టండి. పక్క కుర్చీతో స్నేహం కూడా నిలుస్తుంది.

కైకలూరు_కొల్లేరు
జిల్లాలు మారిన గొడవలో మాదీ ఉంది. కృష్ణా నుంచి ఏలూరుకు వచ్చాము. కానీ మా డేటాబేస్‌లో అసలు చిక్కు ఊరి పేరే. మండలం పేరు తెలుగులో దాస్తాము, గ్రూప్ బై చేస్తే కైకలూరు రెండుసార్లు వచ్చేది, కంటికి రెండూ ఒకటే. చివరికి తేలిందేమిటంటే, ‘కై’లోని ఐత్వాన్ని ఒక కీబోర్డు ఒకే యూనికోడ్ గుర్తుగా పంపితే, ఇంకొకటి ఎత్వం, దాని కింద వేరే గుర్తు, ఇలా రెండుగా పంపుతోంది. 13లో వచ్చిన నార్మలైజ్ ఫంక్షన్‌ను వేర్ షరతులో కాలమ్ చుట్టూ చుట్టాను. పేర్లు కలిశాయి, ఇండెక్స్ పోయింది, 3 మిల్లీసెకన్ల క్వెరీ 8 సెకన్లయింది. ఎక్స్‌ప్రెషన్ ఇండెక్స్ వేసి గట్టెక్కాను.

నల్లమల
గట్టెక్కారు కానీ రాసేటప్పుడే నార్మలైజ్ చేసి పెట్టుకుంటే ఆ అవసరం ఉండదు. పాత వరుసలను ఒకసారి సరిచేసి, ఇక మీదట అలాంటివి చేరకుండా చెక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. కాలమ్ మీద ఏ ఫంక్షన్ చుట్టినా, అది తేదీ కత్తిరించేదైనా చిన్నక్షరాలు చేసేదైనా, మామూలు ఇండెక్స్‌కు ఆ మాట అర్థం కాదు.

పార్సిల్_బాబు
పక్క కుర్చీ సెషన్‌ను ముగించి, పాత ముక్కను డ్రాప్ చేసి, మళ్ళీ వేశాను. 14 నిమిషాల్లో అయిపోయింది. కర్నూలు, ఆళ్ళగడ్డ: మొదటిసారి 6 మిల్లీసెకన్లు, రెండోసారి 0.2. చదివిన పేజీలు 25. నిన్న 8,60,000, ఇవాళ 25. ప్లాన్‌ను రెండుసార్లు చదువుకున్నాను.

కొత్తచేతి
సోలెడు బియ్యం దొరికాయి.

జావా_జమీందారు
రెండో పేజీకి ఆఫ్‌సెట్ వాడుతున్నారా? ఐదు వందలో పేజీకి వెళ్తే ముందున్న 9,980 వరుసలను చదివి పారేస్తుంది. చివరగా చూపిన తేదీ, ఐడీ గుర్తు పెట్టుకుని, ఆ జంట కంటే చిన్నవి ఇరవై అని అడిగితే ఇదే ఇండెక్స్ ఏ పేజీకైనా ఒకే వేగంతో ఇస్తుంది.

పార్సిల్_బాబు
గుమస్తాలు మూడో పేజీ దాటరు, అయినా మారుస్తాను. ఇంకొక్కటి మిగిలింది. స్క్రీన్ పైన ‘41,208లో 1 నుంచి 20’ అని చూపిస్తాము, దానికి విడిగా కౌంట్ నడుస్తుంది. కొత్త ఇండెక్స్ మీద ‘ఇండెక్స్ ఓన్లీ స్కాన్’ అనే అంటోంది, కానీ 240 మిల్లీసెకన్లు పడుతోంది, ‘హీప్ ఫెచెస్’ దగ్గర 9,114 అని ఉంది. ఇండెక్స్ ఒక్కటే చదివేటప్పుడు టేబుల్‌కు ఎందుకు వెళ్తోంది?

నల్లమల
ఒక వరుస అందరికీ కనబడేదేనా అన్న సమాచారం ఇండెక్స్‌లో ఉండదు. పేజీ మొత్తం అందరికీ కనబడేదే అని విజిబిలిటీ మ్యాప్‌లో గుర్తు ఉంటేనే టేబుల్‌కు వెళ్ళకుండా ఉండగలదు. ఆ గుర్తు పెట్టేది వాక్యూమ్ (చెల్లిపోయిన పాత వరుసలను ఊడ్చే పని), ఆ పేజీలో ఏ మార్పు జరిగినా అది చెరిగిపోతుంది. ఈ మధ్య పాత వరుసలను పెద్ద ఎత్తున అప్‌డేట్ చేశారా?

పార్సిల్_బాబు
చేశాము. పోయిన నెల 2018, 2019 పార్సిళ్ళకు శాఖ కోడ్ నింపాము, దాదాపు 40 లక్షల వరుసలు.

రాత్రి_డ్యూటీ
అదే. దానంతటదే నడిచే ఆటోవాక్యూమ్‌కు స్కేల్ ఫ్యాక్టర్ మొదట్లో ఉండే విలువ 0.2, అంటే టేబుల్‌లో అయిదో వంతు మారితే గాని కదలదు. 3 కోట్లకు అది 60 లక్షలు. మీరు 40 లక్షల దగ్గర ఆగారు, అది ఇంకా నిద్రలోనే ఉంది. ఆ ఒక్క టేబుల్‌కు 0.02 పెట్టి, ఇవాళ రాత్రి చేత్తో ఒకసారి వాక్యూమ్ నడపండి. పక్క కుర్చీ ల్యాప్‌టాప్ మూసి ఉందో లేదో ముందు చూసుకోండి, ఆ సెషన్ మళ్ళీ తెరిచి ఉంటే దాని తర్వాత మారిన వరుసలను వాక్యూమ్ కూడా ముట్టుకోలేదు.

పార్సిల్_బాబు
మూసి ఉంది, ఛార్జర్ కూడా నేనే తీశాను. వాక్యూమ్ 22 నిమిషాలు పట్టింది. కౌంట్ 9 మిల్లీసెకన్లు, హీప్ ఫెచెస్ 0. పాత మండలం ఇండెక్స్‌ను నెలాఖరు దాకా ఉంచి, పీజీ స్టాట్ యూజర్ ఇండెక్సెస్‌లో దాని స్కాన్ల సంఖ్య కదలకపోతే తీసేస్తాను.